ముందు కేస్ షీట్ అడగండి

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగంలో పనిచేస్తాను. ఆసుపత్రిలో అందరూ ఎంఆర్‌డీ అంటారు. డిశ్చార్జ్ అయిన ప్రతి పేషెంటు కేస్ షీటూ మా గదికి వస్తుంది. కాగితాలు వరసలో ఉన్నాయా, డాక్టరు సంతకం ఉందా, టైము వేశారా, కన్సెంట్ ఫారం ఉందా అని చూసి, నంబరు వేసి ర్యాకులో పెట్టడం మా పని. ఈ ఉద్యోగంలో ఉండబట్టి మా తమ్ముడి కూతురి విషయంలో ఏ కాగితం ఎప్పుడు అడగాలో నాకు తెలిసింది. చాలామంది తల్లిదండ్రులకు అది తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మా మేనకోడలికి కుడి చెయ్యి సరిగా లేవదు. అది పుట్టుకతో వచ్చిన లోపం కాదు, పుట్టేటప్పుడు తగిలిన దెబ్బ.

మరదలికి తొలి కాన్పు. ఆనవాయితీ ప్రకారం ప్రకాశం జిల్లాలో ఉన్న పుట్టింటికి తీసుకెళ్లారు. అంతకుముందే గ్లూకోజు నీళ్లు తాగించి చేసిన పరీక్షలో షుగర్ ఉందని తేలింది. చివరి స్కాన్ రిపోర్టులో బిడ్డ బరువు నాలుగు కిలోల దగ్గర ఉండవచ్చని రాసి ఉంది. తల్లికి షుగర్ ఉండి, బిడ్డ బరువు ఎక్కువగా ఉంటే, కాన్పులో తల బయటికొచ్చాక భుజం తల్లి కటి ఎముక వెనక ఇరుక్కునే ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్లు దాన్ని షోల్డర్ డిస్టోషియా అంటారు. ఎవరికి వస్తుందో ముందే కచ్చితంగా చెప్పలేరు. షుగర్ లేని తల్లికీ, మామూలు బరువున్న బిడ్డకీ రావచ్చు. వచ్చిందంటే మాత్రం చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలే. వెంటనే సీనియర్‌ను పిలవాలి. తల్లి తొడలను పొట్ట వైపుకి బాగా మడిచి, పొత్తికడుపు కింద ఎముక పైన చేత్తో ఒత్తి భుజాన్ని విడిపించాలి. తలను పట్టుకుని బలంగా లాగకూడదు. పొట్ట పైభాగాన అసలే నొక్కకూడదు, అలా నొక్కితే భుజం ఇంకా బిగుసుకుపోతుంది.

లేబర్ రూములో ఒకావిడ స్టూలెక్కి రెండు చేతులతో తన పొట్ట మీద నొక్కిందని మరదలు ఆ రోజు నుంచీ చెబుతూనే ఉంది. పక్కన నిలబడ్డ ఆయా కూడా ఒక చెయ్యి వేసిందట.

పాప 4.2 కిలోలు పుట్టింది. బాగానే ఏడ్చింది. మర్నాడు నేను వెళ్లి చూస్తే కుడి చెయ్యి భుజం దగ్గర నుంచి వాలిపోయి ఉంది. మోచెయ్యి చాచుకుని ఉంది, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంది. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడ్డప్పుడు ఎడమ చెయ్యి పైకి లేచింది, కుడిది కదల్లేదు. అడిగితే, "నరం కొంచెం లాగింది, నెలలో సర్దుకుంటుంది" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. డిశ్చార్జ్ సమ్మరీలో నార్మల్ డెలివరీ, తల్లీ బిడ్డా క్షేమం అని రాసి పంపేశారు.

దీన్ని ఎర్బ్స్ పాల్సీ అంటారు. మెడ నుంచి చేతికి వెళ్లే నరాల కట్ట సాగిపోవడం వల్లనో, తెగిపోవడం వల్లనో వస్తుంది. చాలామంది పిల్లలకు కొన్ని నెలల్లో దానంతట అదే నయమవుతుంది, అది నిజం. కానీ మూడో నెల వచ్చేసరికి కూడా బిడ్డ మోచెయ్యి వంచలేకపోతుంటే నరాల సర్జన్‌కి చూపించాలి. ఆపరేషన్ అవసరమైతే మొదటి ఏడాదిలోనే, వీలైనంత త్వరగా చేస్తే ఫలితం బాగుంటుంది. డిశ్చార్జ్ చేసేటప్పుడు చెప్పాల్సిన ఈ మాటను మాకు చెప్పింది ఎవరంటే, తెనాలిలో పాపకి ఫిజియో చేసిన అమ్మాయి. ఆమె పట్టుబట్టడం వల్లే హైదరాబాద్ తీసుకెళ్లాం, ఏడో నెలలో నరాల ఆపరేషన్ జరిగింది. ఆ అమ్మాయికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

ఇంతలో ఊళ్లోవాళ్ల మాటలు మొదలయ్యాయి. గ్రహణం రోజు బయట తిరిగావా అని ఒకరు, కడుపుతో ఉండి బరువులెత్తావా అని ఇంకొకరు. పచ్చి బాలింత గదిలో కూర్చుని అవన్నీ వింటూ ఉండేది. తప్పు జరిగిన చోట ఎవరూ నోరు విప్పకపోతే ఆ తప్పంతా తల్లి నెత్తిన పడుతుంది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది అదే, ఇప్పటికీ అదే.

అందుకే మొదట రికార్డుల సంగతి చూశాను. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డుల్ని చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. పేషెంటు గానీ, పేషెంటు అధికారం ఇచ్చినవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటితో అడిగితే "మేడమ్ లేరు, సోమవారం రండి" అంటారు. రికార్డుల గదిలో కూర్చునేదాన్ని కాబట్టి చెబుతున్నాను, నోటిమాటకు విలువ లేదు. తెల్ల కాగితం మీద తల్లి సంతకంతో దరఖాస్తు రాసి, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే ఇన్‌పేషెంట్ నంబరు), చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ వేసి, రెండో కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి. స్టాంపు వెయ్యం అని వాళ్లంటే అదే దరఖాస్తు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కాపీలు ఫలానా కేసు పెట్టడానికని రాయనక్కర్లేదు. కారణం చెప్పాల్సిన పని లేదు.

అడిగేటప్పుడు "మొత్తం కేస్ షీట్" అని ఊరుకోవద్దు. పేరుపేరునా అడగండి. అడ్మిషన్ నోట్సు, నొప్పులు ఎలా సాగాయో గంటగంటకీ గీసే పార్టోగ్రాఫ్, బిడ్డ గుండె చప్పుడు పట్టీలు (ఎన్ఎస్‌టీ, సీటీజీ అంటారు), డెలివరీ నోట్సు, నర్సుల నోట్సు, మందుల చార్టు, కన్సెంట్ ఫారాలు, బిడ్డకి విడిగా ఉండే నియోనేటల్ షీటు, లేబర్ రూము రిజిస్టర్లో మన ఎంట్రీ ఉన్న పేజీ. ఈ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. కేస్ షీటు డాక్టరు తర్వాత తీరిగ్గా రాయవచ్చు. లేబర్ రూము రిజిస్టర్లో మాత్రం ఆ పూట డ్యూటీ సిస్టర్ వరసగా రాసుకుంటూ పోతుంది. మన పైన ఒక కాన్పు, మన కింద ఒక కాన్పు ఉంటాయి కాబట్టి మధ్యలో దూర్చడం కష్టం. కాపీలు చేతికొచ్చాక ప్రతి పేజీ మీదా నంబరు, ఆసుపత్రి స్టాంపు, సంతకం ఉండేలా చూసుకోండి.

మాకు కాపీలు 72 గంటల్లో రాలేదు. లాయరు నోటీసు వెళ్లాకే వచ్చాయి. పార్టోగ్రాఫ్ ఖాళీగా ఉంది. డెలివరీ నోట్సులో భుజం ఇరుక్కుందన్న మాటే లేదు. తల వచ్చిన టైము, ఒళ్లు వచ్చిన టైము విడివిడిగా రాయాలి, రాయలేదు. ఎవరెవరు లోపల ఉన్నారో లేదు. షుగర్, బిడ్డ బరువు రెండూ పెట్టుకుని నార్మల్‌కి వెళ్తే ఫలానా ప్రమాదం ఉందని, కావాలంటే సిజేరియన్ చేయించుకోవచ్చని తల్లికి చెప్పినట్టు ఎక్కడా లేదు. కన్సెంట్ ఫారం మీద మరదలి సంతకం ఉంది, దాని పైనంతా ఖాళీ గీతలు. కానీ నియోనేటల్ షీటులో పిల్లల డాక్టరు మొదటి రోజే రాసిన ఒక లైను ఉంది, కుడి చేతి కదలిక తగ్గింది, ఎర్బ్స్ కావచ్చు అని. అంటే వాళ్లకు మొదటి రోజే తెలుసు. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ లైను లేదు. ఆ కాగితం చూసి మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. బిడ్డకు దెబ్బ తగిలిన ప్రతి కాన్పులోనూ డాక్టరు తప్పు ఉండదు. అన్నీ సరిగ్గా చేసినా భుజం ఇరుక్కుని నరం సాగవచ్చు. సిజేరియన్‌లో పుట్టిన పిల్లలకూ అరుదుగా ఇది వస్తుంది. మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో లేకపోయే సెరిబ్రల్ పాల్సీ కూడా అంతే, ఎక్కువ మందిలో దానికి కారణం కాన్పు సమయంలో జరిగింది కాదు. ఫలితం బాగాలేనంత మాత్రాన నిర్లక్ష్యం కాదని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ చోట మరో డాక్టరు ఉంటే మామూలుగా తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే ప్రశ్న. పుట్టగానే ఏడవని బిడ్డ ఉన్నాడనుకోండి. మొదటి నిమిషంలో, ఐదో నిమిషంలో ఆప్‌గార్ స్కోరు (బిడ్డ గుండె, ఊపిరి, రంగు, కదలిక చూసి వేసే మార్కులు) వేశారా, గుండె చప్పుడు పడిపోతున్నా ఊరికే కూర్చున్నారా, ఆరు గంటల్లోపు మొదలుపెట్టాల్సిన, మెదడును కాపాడేందుకు ఒళ్లు చల్లబరిచే కూలింగ్ చికిత్స ఉన్న చోటికి వేళకు పంపారా అన్నవి చూడాలి. వీటికి జవాబు కాగితంలోనే దొరుకుతుంది. కాగితాలు చూస్తే అంతా సవ్యంగానే ఉందని తేలినా అది మంచిదే, ఆ తల్లి మనసు కుదుటపడుతుంది.

కేసు వెయ్యాలన్నప్పుడు మా ఇంట్లోనే పెద్ద గొడవ. అమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఎందుకే అమ్మాయ్, బిడ్డ ప్రాణంతో దక్కింది, అంతే చాలు. పిల్లని అడ్డం పెట్టుకుని డబ్బు గుంజుతున్నారంటారు" అంది. వియ్యపురాలి భయం ఇంకొకటి, అదే ఊళ్లో ఉండాలి, రేపు జ్వరమొచ్చినా ఆ ఆసుపత్రికే పోవాలి. ఈలోపు ఆసుపత్రి తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. రెండు లక్షలు ఇస్తారు బాబూ, ఇక దీని గురించి మాట్లాడబోమని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. ఆపరేషన్ అప్పు నెత్తిన ఉంది, తమ్ముడు మెత్తబడ్డాడు కూడా. నేనూ మరదలూ వద్దన్నాం.

ఆ డబ్బు తమ్ముడిది కాదు, మరదలిదీ కాదు, పాపది. వారానికి మూడుసార్లు ఫిజియో, ఒక్కోసారికి నాలుగు వందలు. చేతిని సరైన తీరులో పట్టి ఉంచే స్ప్లింటు, చెయ్యి ఎదుగుతున్న కొద్దీ మార్చాలి. భుజానికి కండర మార్పిడి ఆపరేషన్ ముందుందని సర్జన్ చెప్పారు. మరదలు స్కూల్లో లెక్కల టీచరుగా చేసేది, ఉద్యోగం మానేసింది. రేపు పాప పెద్దదయ్యాక రెండు చేతులూ కావాల్సిన పని చెయ్యలేకపోతే పోయే సంపాదన ఉంది. ఇవన్నీ ఒక కాగితం మీద వేసి అమ్మకి చూపించాను. "ఇదంతా రెండు లక్షలకి అయిపోతుందా?" అని అడిగింది. మళ్లీ ఎప్పుడూ వద్దనలేదు. డాక్టరమ్మ ఆస్తులమ్ముకోవాలేమోనని జాలిపడేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. చాలామంది డాక్టర్లకు, ఆసుపత్రులకు ఇలాంటి కేసుల కోసమే, పరిహారం కట్టే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ ఉంటుంది.

డబ్బిచ్చి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2019 చట్టం. అందులో రెండు విషయాలు మాకు బాగా కలిసొచ్చాయి. మొదటిది, ఫిర్యాదుదారు ఉంటున్న చోటే కేసు వెయ్యవచ్చు. కాన్పు ప్రకాశం జిల్లాలో జరిగినా, తమ్ముడి కాపురం తెనాలి కాబట్టి గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాం. రెండోది, ఏ కమిషన్‌కి వెళ్లాలన్నది మనం అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆసుపత్రికి కట్టిన బిల్లును బట్టి ఉంటుంది. బిల్లు 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే. 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు. మా కాన్పు బిల్లు 45 వేలు. అందుకే బిల్లులు పారేయకండి. బిల్లు ఇవ్వకుండా చీటీ మీద రాసిచ్చే చోట పట్టుబట్టి అడగండి.

గడువు రెండేళ్లు. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నెలల పిల్ల, ఆపరేషన్లు, అప్పులు, ఈ హడావుడిలో రెండేళ్లు ఎటు పోతాయో తెలియదు.

సర్కారు దవాఖానాలో అయితే ఏమీ చెయ్యలేమని చాలామంది అనుకుంటారు. చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో 1996లో నెలలు నిండకుండా, 1250 గ్రాముల బరువుతో ఒక ఆడపిల్ల పుట్టింది. అలాంటి పిల్లలకు కంటి రెటీనా పరీక్ష చేయించాలని తల్లిదండ్రులకు చెప్పలేదు, ఆ పాప చూపు పోయింది. జాతీయ కమిషన్ 5 లక్షలు ఇచ్చింది. తండ్రి అక్కడితో ఆగలేదు. 2015లో సుప్రీంకోర్టు ముందు ముందు అయ్యే ఖర్చులకు 1.38 కోట్లు, అప్పటిదాకా అయిన వైద్య ఖర్చులకు దాదాపు 43 లక్షలు ఇవ్వాలంది. అప్పటికి ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి. ఆ తీర్పు చదివినప్పుడు నేను చూసింది అంకెల్ని కాదు, ఆ తండ్రి ఓపికని. చేయాల్సింది చేయకపోవడం, చెప్పాల్సింది చెప్పకపోవడం కూడా నిర్లక్ష్యమేనని అక్కడ తేలింది. మా పాప విషయంలోనూ సగం ఫిర్యాదు అదే. బిడ్డకు జరిగిన నష్టం వేరు, తల్లిదండ్రుల క్షోభ వేరు, రెండిటికీ పరిహారం అడగవచ్చని 1998లోనే స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో హైదరాబాద్‌కు చెందిన వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు అంది. అయినా మా కేసులో ప్రభుత్వ వైద్య కళాశాల నుంచి అభిప్రాయం తెప్పించమని కమిషన్ ఆదేశించింది. అది ఇంకా రాలేదు. ఆసుపత్రి వాళ్లు తమ జవాబు వేశారు, భుజం ఇరుక్కోనే లేదని. మరి నరం ఎలా సాగిందో ఆ జవాబులో లేదు. వాయిదాలు పడుతూనే ఉన్నాయి. రేపు మాకు అనుకూలంగా వచ్చినా వాళ్లు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లవచ్చు. అప్పుడు మాత్రం తీర్పులో చెప్పిన సొమ్ములో సగం ముందు కట్టాలి.

పోలీసు కేసు పెట్టమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. మేం పెట్టలేదు. క్రిమినల్ కేసులో ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలి, అందులో పాపకి ఒరిగేదీ లేదు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి మాత్రం ఫిర్యాదు ఇచ్చాం. కౌన్సిల్‌కి పరిహారం ఇప్పించే వీలు లేదు గానీ డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు. ఆ స్టూలెక్కి నొక్కే పద్ధతి అక్కడైనా ఆగాలని మరదలి కోరిక.

కేసు తేలేదాకా చికిత్స ఆపకండి, ఇది మా ఫిజియో అమ్మాయి తరఫున కూడా చెబుతున్నాను. జిల్లాల్లో డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) అనే ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి, అక్కడ పసిపిల్లలకు థెరపీ ఉచితం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష దాకా వైద్య బీమా వస్తుంది. సదరం క్యాంపులో పరీక్ష చేయించి వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే మిగతా పథకాలకు దారి ఉంటుంది, కేసులోనూ అది సాక్ష్యమే. పాప చెయ్యి ఎంతవరకు లేస్తోందో నెలకోసారి ఫోనులో వీడియో తీసి తేదీతో దాచండి.

మా లాయరు గారు కండర మార్పిడి ఆపరేషన్‌కి ఎంతవుతుందో సర్జన్ చేత లెటర్ హెడ్ మీద రాయించి తెమ్మన్నారు, దాన్ని అదనపు పత్రంగా వెయ్యడానికి. తమ్ముడికి సెలవు దొరకలేదు. ఈ ఆదివారం రాత్రి బండికి నేనూ మరదలూ పాపను తీసుకుని హైదరాబాద్ వెళ్తున్నాం.